ఠ ఉన్న మాటల వేట

మొన్న ఆదివారం కరెంటు పోయినప్పుడు పిల్లలతో పదాలాట మొదలెట్టాం, రూలు ఒకటే, మాటలో ఎక్కడో ఒకచోట ఠ ఉండాలి. పాఠం, కంఠం, పీఠం, మఠం గబగబా వచ్చేశాయి, ఆ తర్వాత అందరం సైలెంటు. అప్పుడు అమ్మ వంటింట్లోంచి "శొంఠి రాసుకోండే" అంది, డబ్బా మీద చూస్తే నిజంగానే ఠ!

నాకు దొరికిన చిట్కా ఏంటంటే ష కింద వత్తు వెతకడం: నిష్ఠ, గోష్ఠి, ప్రతిష్ఠ, కనిష్ఠం, గరిష్ఠం, బోలెడు. కానీ ఇష్టం, కష్టం, సృష్టి మాత్రం ట వత్తే, పాయింట్లు ఇవ్వకండి. గళ్ళనుడికట్టులో కూడా ఇది పనికొస్తుంది, వత్తు గుణింతం అన్నీ కలిపి ఒకే గడిలో పడతాయి కాబట్టి నిష్ఠకి రెండు గళ్ళే.

అంత్యాక్షరిలా ఆడితే మాత్రం వీణ, కళ లాంటివి వద్దని ముందే చెప్పుకోండి, ణ, ళలతో మాటలు మొదలవ్వవు కదా. ఈసారి ఝ పెట్టుకున్నాం, ఇప్పటికి ఝరి, ఝంకారం దొరికాయి.