అందరూ తెలిసినవాళ్లే అనే చోట సేఫ్‌గార్డింగ్ శిక్షణ

ఇంగ్లండ్‌లో ఆదివారం తెలుగు బడి, కూచిపూడి క్లాసు, టీనేజీ పిల్లల యూత్ క్లబ్బు నడిపేది దాదాపుగా వాలంటీర్లే. వారమంతా ఉద్యోగం చేసుకుని, వారాంతం రాగానే కమ్యూనిటీ హాలు తాళం తీసి కుర్చీలు సర్దేవాళ్లు. వాళ్లతో సేఫ్‌గార్డింగ్ (పిల్లల్ని హాని నుంచి కాపాడటం) శిక్షణ అనగానే ఎవరో ఒకరు అంటారు: "మనలో మనకి ఇవన్నీ ఎందుకండీ, అందరూ తెలిసినవాళ్లేగా?" ట్రైనరు ఈ మాటను నవ్వి దాటేయకూడదు. పిల్లలకు హాని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆ పిల్లలకు బాగా తెలిసినవాళ్లే. పరాయి దేశంలో అయినవాళ్లు దగ్గర లేక ఒకరినొకరు అన్నయ్యా, వదినా అని కలుపుకుంటాం. దాంతో పిల్లలకు హాల్లో ప్రతి పెద్దాయనా అంకులే, ఏ అంకుల్ మాటనూ కాదనకూడదు. శిక్షణ మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచి.

రెడీమేడ్ స్లైడ్లు తెచ్చుకుంటే శారీరక, మానసిక, లైంగిక హింస, నిర్లక్ష్యం అనే నాలుగు రకాల వివరణకే గంట గడిచిపోతుంది. అందరూ తలూపుతారు. ఆ తర్వాత నిజంగా ఓ పిల్ల వచ్చి ఏదైనా చెబితే ఏం చేయాలో ఎవరికీ తోచదు. అందుకే ఆ నాలుగింటినీ ఇరవై నిమిషాల్లో ముగించి, మిగతా సమయమంతా గమనించడం, వినడం, రాయడం, అదే రోజు సేఫ్‌గార్డింగ్ లీడ్‌కు, అంటే గ్రూపులో ఈ బాధ్యత చూసే మనిషికి, అందించడం మీద పెట్టాలి. నిజమో కాదో తేల్చడం వాలంటీరు పని కానే కాదు. మనవాళ్లకు మింగుడుపడనిది ఇదే. ఏ తగువైనా నలుగురు పెద్దలు కూర్చుని, ఇరువైపులా విని సర్దిచెప్పడం మనకు అలవాటు. ఆ అలవాటుతోనే తల్లిదండ్రుల్ని పక్కకు పిలిచి "పాప ఇలా అంటోంది, నిజమేనా?" అని అడిగారనుకోండి. ఆ రాత్రి ఇంట్లో పాప మీద ఒత్తిడి పడుతుంది. తర్వాత సోషల్ వర్కర్ అడిగితే ఏమీ లేదంటుంది. మంచికి పోయి అడిగిన ఒక్క ప్రశ్నతో ఆ పిల్లకున్న దారి మూసుకుపోతుంది.

ఏర్పాట్ల సంగతి. రెండున్నర గంటల సెషన్, పన్నెండు నుంచి పదహారు మంది, టేబుల్‌కు నలుగురు. అంతకు మించితే వెనక వరుస ఫోన్లలోకి జారుకుంటుంది. శనివారం పొద్దున అయితే మేలు, భోజనాల తర్వాత పెట్టారంటే సగం పోయినట్టే. భార్యాభర్తలు వేర్వేరు టేబుళ్ల దగ్గర కూర్చోవాలి, లేకపోతే ఒకరు మాట్లాడతారు, ఇంకొకరు సంతకం పెడతారు. పిల్లల్ని వెంటబెట్టుకొస్తారు కాబట్టి పక్క గదిలో ఇదివరకే శిక్షణ పొందినవాళ్లు ఇద్దరు ఉండాలి. ఈ విషయాలు మాట్లాడే గదిలో పిల్లలు ఆడుకుంటూ ఉండటం కుదరదు. ట్రైనర్లు కూడా ఇద్దరు కావాలి. ఇది ఆడంబరం కోసం కాదు. పెద్దవాళ్లలోనే ఎవరికో తమ చిన్ననాటి సంగతి గుర్తొచ్చి, లేచి బయటికి వెళ్లిపోవడం అరుదేమీ కాదు. ఒకరు వెంట వెళ్లాలి, ఒకరు క్లాసు నడపాలి. మధ్యలో లేచి వెళ్లొచ్చని, ఎవరూ కారణం అడగరని మొదట్లోనే చెప్పాలి. మన గ్రూపు పిల్లల ఉదాహరణలు పేరు లేకుండా కూడా చెప్పకూడదన్న షరతు పెట్టాలి. యాభై కుటుంబాలున్న ఊళ్లో "ఒకమ్మాయి ఉంది, పేరెందుకులే" అంటే చాలు, అందరికీ అర్థమైపోతుంది.

సెషన్‌లో అసలైన అడ్డంకి భయం. "సోషల్ సర్వీసెస్‌కి ఫోన్ చేస్తే పిల్లల్ని లాక్కుపోతారట" అన్న మాట ప్రతి గదిలోనూ ఉంటుంది, కొన్నిసార్లు పైకి రాదు. "అలాంటిదేం లేదండీ" అంటే ఎవరూ నమ్మరు. ఫోన్ తర్వాత ఏం జరుగుతుందో వరసగా చూపించాలి. కౌన్సిల్‌కు, అంటే స్థానిక ప్రభుత్వానికి, రెఫరల్ (పిల్ల గురించిన సమాచారం) అందాక ఒక పనిదినంలోపు తర్వాత ఏం చేయాలో నిర్ణయిస్తారు. చాలావాటిలో కుటుంబానికి ఏ సాయం కావాలో చూడటంతో సరి, 1989 చిల్డ్రన్ యాక్ట్‌లో దానికి సెక్షన్ 17 ఉంది. పిల్లకు తీవ్రమైన హాని జరుగుతోందని గానీ జరగొచ్చని గానీ అనుమానించడానికి తగిన కారణం ఉంటేనే సెక్షన్ 47 కింద విచారణ. సోషల్ వర్కర్ తనంతట తాను పిల్లను తీసుకెళ్లలేరు. తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే కోర్టు ఆర్డరు కావాలి. పిల్లకు తీవ్రమైన హాని జరిగేలా ఉంటే పోలీసులు తమ అధికారంతో గరిష్ఠంగా 72 గంటలు రక్షణలో ఉంచగలరు. ఈ వరస ఒక కాగితం మీద గీసి టేబుల్‌కొకటి ఇస్తే, గంట ఉపన్యాసం చేయలేని పని అది చేస్తుంది.

రెండో వేడి చర్చ దెబ్బల గురించి. "మనం తినలేదా? బాగుపడలేదా?" అని మొదలవుతుంది. దాన్ని సాగనిస్తే అరగంట ఆవిరైపోతుంది. చట్టం చెప్పి ముగించడమే మేలు. స్కాట్లాండ్‌లో 2020 నవంబరు నుంచి, వేల్స్‌లో 2022 మార్చి నుంచి పిల్లల్ని కొట్టడం పూర్తిగా నిషిద్ధం. ఇంగ్లండ్‌లో తల్లిదండ్రులకు 'తగుమాత్రపు శిక్ష' అన్న వాదన ఇంకా మిగిలి ఉంది, గాయం చేసిన కేసుల్లో అది నిలబడదు. తల్లిదండ్రుల సంగతి ఎలా ఉన్నా, వాలంటీరుకు ఏ మినహాయింపూ లేదని గ్రూపు పాలసీలోనే రాసుకోవాలి. 'శారీరక దండన నిషేధం' అని ఒక్క ముక్కలో కాకుండా చెవి మెలేయడం, గుంజీలు తీయించడం, గోడకుర్చీ వేయించడం, తలుపు బయట నిలబెట్టడం అని పేరుపేరునా రాయాలి. అలా రాయకపోతే గుంజీలు దండన కిందికి రావనే వాలంటీరు తప్పకుండా ఒకరు ఉంటారు.

మన సంస్కృతి వేరు, వాళ్లకు అర్థం కాదు అనే వాదన వచ్చినప్పుడు విక్టోరియా క్లింబీ సంగతి చెప్పాలి. ఐవరీ కోస్ట్‌లో పుట్టిన ఆ పిల్లను తండ్రి తరఫు బంధువు ఒకావిడ ఫ్రాన్స్ మీదుగా లండన్ తీసుకొచ్చింది. 2000 ఫిబ్రవరిలో ఎనిమిదేళ్ల వయసులో, ఆవిడా ఆవిడ సహచరుడూ పెట్టిన చిత్రహింసలకు ఆ పిల్ల చనిపోయింది. ఆ మధ్యకాలంలో ఆసుపత్రులు, పోలీసులు, సోషల్ వర్కర్లు అందరూ చూసినవాళ్లే. 2003లో వచ్చిన లామింగ్ విచారణ నివేదికలో ఒక వివరం ఉంది: ఆవిడ ముందు పిల్ల బిగుసుకుని నిలబడటాన్ని ఆ సంస్కృతిలో పెద్దల పట్ల ఉండే గౌరవంగా తీసుకున్నారు. మన పిల్లల 'అణకువ'ను మనం ఎలా చూస్తున్నామో ఆలోచించుకోమంటే గది కాసేపు నిశ్శబ్దమవుతుంది. మధ్యలో దూరి మాట్లాడకండి.

ఇక్కడే ప్రైవేట్ ఫోస్టరింగ్ గురించి కూడా చెప్పాలి, మనవాళ్లలో చాలామందికి ఇది కొత్త. పదహారేళ్ల లోపు పిల్ల, దగ్గరి బంధువు కానివాళ్ల ఇంట్లో 28 రోజులు లేదా అంతకు మించి ఉంటే కౌన్సిల్‌కు తెలపాలి. తాత, అమ్మమ్మ, నానమ్మ, తోబుట్టువులు, తల్లిదండ్రుల సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్ల భార్యాభర్తలు, సవతి తల్లిదండ్రులు దగ్గరి బంధువులే. నాన్న పెదనాన్న కొడుకు మనకు బాబాయే, చట్టానికి మాత్రం కాదు. చదువు కోసం వరసకు బాబాయి ఇంట్లో ఉంటున్న పిల్లాడు తెలుగు బడికి వస్తున్నాడంటే లీడ్‌కు చెప్పాల్సిందే. అందులో ఎవరినీ తప్పుపట్టడం ఉండదు. కౌన్సిల్ వచ్చి పిల్లాడు బాగున్నాడో లేదో చూసి వెళ్తుంది.

ఇక రాయడం. సెషన్‌లో నలభై నిమిషాలు దీనికే ఇవ్వండి. ఒక ట్రైనరు పిల్ల పాత్రలో నాలుగు వాక్యాలు చెప్పాలి, అందరూ విని ఫారం నింపాలి. మొదటిసారి ఎలా రాస్తారంటే: "పాప చాలా డల్‌గా ఉంది. ఇంట్లో ఏదో ప్రాబ్లమ్ ఉన్నట్టుంది. వాళ్ల నాన్నకి కోపం ఎక్కువని విన్నాను." ఇందులో కళ్లారా చూసిందీ పిల్ల నోట విన్నదీ ఒక్కటీ లేదు, అన్నీ ఊహలూ పుకార్లే. ఉండాల్సింది ఇది: "11.20కి, స్నాక్స్ విరామంలో, వంటగది తలుపు దగ్గర. ఎడమ ముంజేతి మీద రూపాయి బిళ్లంత గుండ్రటి ఎర్రటి మచ్చ కనిపించింది. 'చేతికి ఏమైందో చెప్తావా?' అని అడిగాను. 'డాడీ గాట్ మ్యాడ్, ఐ కాన్ట్ టెల్' అంది. ఇంకేమీ అడగలేదు. 11.35కి లీడ్‌కు చెప్పాను." పిల్ల ఇంగ్లిషులో అంటే ఇంగ్లిషులోనే, తెలుగులో అంటే తెలుగులోనే, సగం సగం అంటే అలాగే రాయాలి, బాగుచేయకూడదు. కింద పేరు, తేదీ, సంతకం. బట్టలు తొలగించి చూడటం, సొంత ఫోన్లో ఫోటో తీయడం చేయకూడదు. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకూడదు. "నాన్న కొట్టాడా?" అని జవాబును మనమే అందించే ప్రశ్న కూడా తప్పే. "చెప్పు", "ఎలా జరిగింది" అన్నంత వరకే. ఈ అభ్యాసం రెండుసార్లు చేయించండి, రెండోసారికి ఫారాల్లో రాత సగానికి తగ్గుతుంది. అది మంచి గుర్తు.

కేస్ ఉదాహరణలు ఎక్కడివో స్కౌట్ క్యాంపువి తెస్తే మనవాళ్లకు ఎక్కవు. ఉగాది ఫంక్షన్ రిహార్సల్ తీసుకోండి. ముప్పై మంది ఆడపిల్లలు ఒకే గదిలో డ్యాన్స్ కాస్ట్యూమ్ మార్చుకుంటున్నారు, మేకప్ చేయడానికి ఎవరెవరో వచ్చిపోతున్నారు, ఒకాయన వీడియో తీస్తున్నాడు. ఇందులో తప్పులు వెతకమంటే పదినిమిషాల్లో పట్టిక తయారు. గది తలుపు దగ్గర శిక్షణ పొందిన ఇద్దరు ఆడవాళ్లు, లోపల ఫోన్లు నిషేధం, మేకప్‌వాళ్ల పేర్లు ముందే రాసిపెట్టడం, ఫోటోలకు తల్లిదండ్రుల లిఖిత అనుమతి. జవాబులు వాళ్ల నోటినుంచే వస్తాయి. రెండోది లిఫ్టు: క్లాసయ్యాక ఒక పిల్లాడి కోసం ఎవరూ రాలేదు, వానపడుతోంది, మాస్టారు కారులో దింపేస్తానంటాడు. మూడోది వాట్సాప్: పద్నాలుగేళ్ల అమ్మాయికి వాలంటీరు రాత్రి పదకొండింటికి విడిగా మెసేజ్ పెట్టాడు, విషయం ప్రాక్టీసు టైమింగే. తప్పేముందని వాదించేవాళ్లు ఉంటారు. పిల్లలతో మెసేజీలన్నీ తల్లిదండ్రులు కూడా ఉన్న గ్రూపులోనే అన్న నియమం ఉంటే, మంచివాడు ఇబ్బంది పడడు, రెండో ఉద్దేశం ఉన్నవాడు బయటపడతాడు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలున్న చోట ఇంకో విషయం చెప్పాలి. క్రీడలు, మతం నేర్పేవాళ్లనూ 2022 నుంచి 'పొజిషన్ ఆఫ్ ట్రస్ట్' (పిల్లలు నమ్మి మాట వినే స్థానంలో ఉన్నవాళ్ల) చట్టంలో చేర్చారు. పిల్ల ఒప్పుకున్నా లైంగిక సంబంధం నేరమే.

ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలు అన్నదానికి పిల్లల రక్షణకు పనిచేసే ఛారిటీ ఎన్‌ఎస్‌పీసీసీ సూచనలు చాలు: నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లు ఆరుగురికి ఒకరు, తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఎనిమిది మందికి ఒకరు, ఆ పైన పదిమందికి ఒకరు. ఎంత చిన్న గ్రూపైనా ఇద్దరికి తగ్గకూడదు.

డీబీఎస్ చెక్ (నేరచరిత్ర తనిఖీ) వాలంటీర్లకు ఉచితం, మధ్యలో దరఖాస్తు పంపే సంస్థ సర్వీసు ఛార్జీ తీసుకోవచ్చు. మనవాళ్ల ఫారాలు ఇరుక్కునేది రెండు చోట్ల. గత ఐదేళ్ల అడ్రసులు ఖాళీ లేకుండా ఇవ్వాలి, గచ్చిబౌలిలో ఆరు నెలలున్న పీజీ అడ్రసుతో సహా. వాడిన పేర్లన్నీ రాయాలి: పెళ్లికి ముందు ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇనిషియల్ విడదీసి రాసిన పేరు. సర్టిఫికెట్ జారీ అయిన 30 రోజుల్లోపు అప్‌డేట్ సర్వీసులో చేరితే, వాలంటీరుకు అదీ ఉచితమే, ప్రతి సంస్థకూ మళ్లీ మొదటినుంచి చేయక్కర్లేదు. ఇంతా చేసి, నిరుడు ఇండియా నుంచి వచ్చిన మనిషి డీబీఎస్ ఖాళీగా ఉందంటే ఇక్కడ రికార్డు లేదని మాత్రమే అర్థం. ఇండియా పోలీసు క్లియరెన్సు, బంధువులు కాని ఇద్దరి రిఫరెన్సులు కావాలి. రిఫరెన్సు కాగితం ఫైల్లో పెట్టి ఊరుకోక ఫోన్ చేసి మాట్లాడండి.

ఆరోపణ వాలంటీరు మీదే వస్తే? అసోసియేషన్ ప్రెసిడెంటు మీద వస్తే? ఈ ప్రశ్న ఎవరూ అడగకపోతే మీరే అడగండి. కౌన్సిల్‌లో లాడో అనే అధికారి ఉంటారు, పిల్లలతో పనిచేసే పెద్దల మీద వచ్చే ఆరోపణలు ఆయన దగ్గరికే. ఒక పనిదినంలోపు తెలపాలి, కమిటీలో పంచాయితీ పెట్టకూడదు. సంస్థ ఛారిటీగా నమోదైతే ట్రస్టీలు ఛారిటీ కమిషన్‌కు కూడా తెలపాల్సి రావచ్చు. లీడ్‌లు ఇద్దరుండాలి. ఇద్దరూ ఒకే కుటుంబం వాళ్లు కాకూడదు, వీలైతే ఒకరు తెలుగు సమాజం బయటివాళ్లైతే ఇంకా మంచిది. నిందపడ్డ మనిషి లీడ్ గారి వియ్యంకుడైతే ఎవరికి చెప్పాలన్న ప్రశ్నకు అదే జవాబు.

సెషన్ చివర అందరి చేతికీ జేబులో పట్టే కార్డు ఇవ్వండి. దాని మీద ఇద్దరు లీడ్‌ల ఫోన్లు, కౌన్సిల్ పిల్లల విభాగం నంబరు, తక్షణ ప్రమాదానికి 999, సలహా కోసం ఎన్‌ఎస్‌పీసీసీ 0808 800 5000, పిల్లల కోసం చైల్డ్‌లైన్ 0800 1111. చాలా కార్డుల్లో ఒక నంబరు మరిచిపోతారు: కౌన్సిల్ ఎమర్జెన్సీ డ్యూటీ టీమ్‌ది. కౌన్సిల్ ఆఫీసు శుక్రవారం సాయంత్రం మూసేస్తారు, మన బడి నడిచేది ఆదివారం. కార్డు అచ్చువేసే ముందు ఆ నంబరుకు ఓ ఆదివారం ఫోన్ చేసి, ఎవరు ఎత్తుతారో చూసుకోండి.