రెండు రోజుల పిల్లల పుస్తకాలు

శనివారం తెల్లవారుజాము నుంచి ఆదివారం రాత్రి వరకు పిల్లల పుస్తకాలు తప్ప మరేమీ చదవకూడదని మేము నలుగురు స్నేహితులం ఎవరిళ్లలో వాళ్లం ఉండే ఒప్పందం చేసుకున్నాము. నరసాపురంలోని మా ఇంటి అరుగు మీద చాప పరుచుకుని, వశిష్ఠ గోదావరి మీదుగా వచ్చే గాలికి పుటలు తిరిగిపోకుండా బొటనవేలితో అదిమిపట్టి, నేను ముందుగా చదివినది ‘బుడుగు’. రాసిన ముళ్లపూడి వెంకటరమణ ధవళేశ్వరంలోను, బొమ్మలు వేసిన బాపు మా నరసాపురంలోను పుట్టినవారు కావడం వల్లనేమో, ఆ పుస్తకం నాకు ఎప్పుడూ ఇంటి మనిషిలాగే అనిపిస్తుంది.

మధ్యాహ్నం నుంచి ఎనిమిదేళ్ల మా మేనకోడలు నాతో కూర్చుంది. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ పాత సంచికలను మా నాన్నగారు బైండు చేయించి దాచారు. వాటిలోని బేతాళ కథ ఒకటి పైకి చదువుతుంటే నా గొంతు ఎండిపోయింది, పుస్తకం తను అందుకుంది. ‘వికమార్కుడు’ అని చదివి, వేలు వెనక్కి జరిపి, క్రావడిని చూసుకుని, ‘విక్రమార్కుడు’ అని నిదానంగా పలికినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతని చెప్పలేను.

కొత్త పుస్తకాలలో కొన్ని కథ చివర నీతిని విడిగా అచ్చు వేశాయి. పిల్లల తెలివి మీద నమ్మకం లేనివారే అలా చేస్తారని నా అభిప్రాయం.

ఆదివారం రాత్రికి పదకొండు పుస్తకాలు పూర్తయ్యాయి. పాలకొల్లు బస్సు ఎక్కుతూ మేనకోడలు ఆ బైండు పుస్తకాన్ని అడిగి తీసుకువెళ్లింది.