పర్లాకిమిడిలో కాళి నాలుక

నౌపడలో దిగి గుణుపురం ప్యాసింజర్ కోసం కూర్చుంటే సగం పొద్దు ప్లాట్‌ఫారం మీదే తెల్లారిపోతుంది. పర్లాకిమిడి రాజులు 1900లో వేయించిన చిన్న రైలు దారి ఇది. ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిందిగానీ, ఎక్కేవాడికి ఉండాల్సిన ఓపిక మాత్రం ఆ కాలందే. విసుగెత్తి టెక్కలి మీదుగా బస్సెక్కాం. పాతపట్నం దాటితే ఒడిశా, పర్లాకిమిడి. బజారుకి ఆటోవాడు ఎనభై అడిగాడు. తెలుగులో బేరమాడినా ఒడియాలో ఆడినా రూపాయి తగ్గలేదు. ఊరంతా రెండు భాషలూ వచ్చినవాళ్లే, ఇంక ఎవరిని బుట్టలో వేస్తాం?

కోట, గుళ్లు అన్నీ చూశాం. వాటి గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నన్ను ఆపింది పటాలు కట్టే ఓ చిన్న కొట్టు. జగన్నాథుడి పక్కనే దక్షిణకాళి పటం వేలాడుతోంది. నాతో వచ్చిన గుంటూరు మిత్రుడు చూసీ చూడగానే, "అమ్మో, ఎంత కోపంగా ఉందో!" అన్నాడు.

అద్దం తుడుస్తున్న కొట్టు తాత తలెత్తాడు. "కోపమేటి బాబూ, సిగ్గు."

"సిగ్గా? ఆ కళ్లు చూడండి మీరు!"

"కళ్లు కాదు, కాళ్లు సూడు. మొగుడి గుండెల మీద కాలేసీసింది. అందుకే నాలిక కరుచుకుంది."

ఇది తాతగారి చమత్కారం కాదు. ఉషా మీనన్, రిచర్డ్ ష్వెడర్ అనే మానవశాస్త్ర పరిశోధకులు భువనేశ్వర్‌లో జనానికి ఇదే కాళి బొమ్మ చూపించి ఆ ముఖంలో ఏముందని అడిగారు. అక్కడ చాలామంది చెప్పింది లజ్జ అనే. 1994లో ఈ సంగతి రాశారు. రాక్షసుల్ని చంపిన ఊపులో లోకాన్నే తొక్కేస్తుంటే శివుడు అడ్డంగా పడుకున్నాడు, కాలు ఆయన మీద పడేసరికి ఆమె ఉలిక్కిపడి నాలుక కరుచుకుంది. ఒడిశాలో పిల్లలు వినే కథ ఇది. మన వైపు అమ్మవారి నాలుక అంటే రక్తబీజుడి నెత్తురు నేలన పడకుండా తాగిన నాలుకే. ఒకే ముఖానికి రెండు కథలు. ఎవరికి తెలిసిన కథ ప్రకారం వాళ్లు దాన్ని చదువుతారు.

నాలుక కరుచుకోవడం మనకి మాత్రం కొత్తా? నోరు జారితే అందరం చేసేదే. కొస ఒక్కటే బయటికొస్తుంది, పళ్లు దాన్ని నొక్కిపడతాయి, భుజాలు కాస్త బిగుసుకుంటాయి, చూపు కిందికో పక్కకో జారుతుంది. అంతా క్షణంలో అయిపోతుంది. పటం గీసేవాడు దేవత కదా అని నాలుకని గడ్డం దాకా దించుతాడు, కళ్లు ఇంతేసి చేస్తాడు. ఇక్కడే వస్తుంది చిక్కు. సిగ్గుపడేవాళ్ల చూపు వాలాలి, ఇక్కడ కళ్లు నిప్పులు కక్కుతున్నాయి. కళ్ల దగ్గర ఆగిపోయినవాడికి కోపమే కనిపిస్తుంది, నాలుక నుంచి పాదం దాకా దిగినవాడికి సిగ్గు దొరుకుతుంది. ముఖంలో ఎక్కడ చూడాలన్నది కూడా పెంపకాన్ని బట్టే వస్తుందనడానికి ఆధారాలున్నాయి. భావం పోల్చుకోవడానికి జపాన్‌వాళ్లు కళ్లని, అమెరికన్లు నోటిని ఎక్కువగా పట్టించుకుంటారని 2007లో మసాకీ యుకి బృందం చూపించింది.

అడిగే పద్ధతిలోనూ మెలిక ఉంది. అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ ఎక్మన్ 1960ల చివర్లో పాపువా న్యూగినీలో ఫోరే జనానికి చిన్న కథ చెప్పి, మూడు ఫోటోలు ముందు పెట్టి, ఈ కథకి ఏ ముఖం సరిపోతుందని అడిగాడు. వాళ్ల జవాబులు ఆయన అనుకున్నవాటితో చాలావరకు బాగానే కలిశాయి, కానీ భయాన్నీ ఆశ్చర్యాన్నీ వాళ్లు విడదీయలేకపోయారు. ఉన్న మూడింటిలోంచే ఏరుకోమంటే నాలుగో జవాబు ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే 1999లో అచ్చైన పనిలో జొనాథన్ హైట్, డాకర్ కెల్ట్‌నర్ ఇంకోలా అడిగారు. అమెరికాలో 40 మందికి, ఒడిశాలో 40 మందికి 14 ముఖాలు చూపించి, "ఏం జరిగి ఉంటే ఇలాంటి ముఖం పెడతారు?" అన్నారు. నాలుక కరుచుకున్న ముఖాన్ని ఒడిశావాళ్లు చటుక్కున పట్టేశారు, అమెరికన్లకి అంతగా అందలేదు. లోకమంతా ఒకేలా గుర్తిస్తుందని ఎక్మన్ చెప్పిన ఆరు భావాల్లో సిగ్గు లేదు. నాట్యశాస్త్రమూ 'వ్రీడ' పేరుతో దాన్ని వ్యభిచారి భావాల్లోనే, అంటే వచ్చిపోయేవాటిలోనే వేసింది, నిలిచి ఉండే ఎనిమిది స్థాయి భావాల్లో చోటివ్వలేదు. ఇళ్లలో పెత్తనం మాత్రం దానిదేనని నాకనిపిస్తుంది.

గుణుపురం దాకా రైల్లో వెళ్లాం, పల్లీలు కూడా దొరకని రైలు. ఎదుటి సీట్లో కొత్త ఒడియా కోడలు, పక్కన భర్త అన్నగారు. కొంగు నుదుటి దాకా లాక్కుని, ముఖాన ఏ భావమూ లేకుండా కిటికీలోంచి చూస్తోంది. "పాపం, ఏదో గొడవ పడి వస్తున్నట్టుంది" అన్నాడు మిత్రుడు చెవిలో. గొడవేం లేదు. పాతకాలపు ఇళ్లలో బావగారి ముందు కోడలు అలాగే ఉండాలి, నవ్వితేనే మాట పడుతుంది. కాశీనగర్‌లో ఆయన టీ కోసం దిగగానే ఫోన్లో ఎవరితోనో పగలబడి నవ్వింది.

అవతలి సీట్లో ఓ తెలుగు కోడలు, "మావయ్యా, జరుగు, కాలు పెట్టుకోనీ" అంటూ మామగారిని మోచేత్తో నెట్టింది. మేనరికం అయ్యుంటుంది, ఆయన చిన్నప్పట్నుంచి ఎత్తుకు తిప్పిన మేనమామే కావచ్చు. ఆయన నవ్వుతూ జరిగాడు. సాధారణంగా మేనరికాలు లేని ఒడియా ఇళ్లకి ఇది మింగుడుపడని చనువు. ఇందాకటి కోడలి పక్కన కూర్చున్న ముసలమ్మ ఆ నవ్వుల్ని ఓసారి, మమ్మల్ని ఓసారి చూసి మూతి తిప్పుకుంది. ఆ మూతి తిప్పుడు మాత్రం మిత్రుడికి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.