మెషీన్ హెడ్, నాన్న హార్మోనియం

నాన్న మా ఊరి రామాలయంలో భజనలకి హార్మోనియం వాయించేవారు. అందుకేనేమో, ఏ పాట విన్నా నా చెవి ముందు మెట్ల వాయిద్యాన్నే వెతుక్కుంటుంది. హాస్టల్లో సీనియర్ అన్న ఒకాయన డీప్ పర్పుల్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ ఆల్బమ్ 'మెషీన్ హెడ్'ని క్యాసెట్‌లో కాపీ చేసి ఇచ్చి, గిటార్ విను అన్నాడు. నేను మాత్రం ఆ బ్యాండ్‌లో మెట్ల వాయిద్యం వాయించిన జాన్ లార్డ్ ఆర్గాన్ దగ్గరే ఆగిపోయాను. ఇన్నేళ్లయినా అక్కడే ఉన్నాను.

ఆయన వాయించిన హామండ్ ఆర్గాన్‌లో హార్మోనియంలా తిత్తి ఉండదు. లోపల చిన్న చక్రాలు తిరుగుతుంటే కరెంటుతో స్వరం పుడుతుంది. లార్డ్ దాన్ని గిటార్ వాళ్లు వాడే మార్షల్ ఆంప్లిఫయర్‌కి కలిపాడు. దాంతో చర్చిలో వినిపించే గొంతు కాస్తా గరగరలాడే గొంతైపోయింది. 'లేజీ' పాట మొదట్లో ఆ ఆర్గాన్ ఒక్కటే గుర్రుమంటూ లేస్తుంది. పాడే గొంతు వచ్చేసరికి నాలుగు నిమిషాలు దాటిపోతాయి, అయినా ఒక్క క్షణం కూడా ఎదురుచూస్తున్నట్టు ఉండదు. 'హైవే స్టార్'లో కూడా రిచీ బ్లాక్‌మోర్ గిటార్ సోలో కంటే ముందు వచ్చేది లార్డ్ సోలోనే. పాతకాలపు జర్మన్ సంగీతకారుడు బాఖ్ సంగీతంలా మెట్లు మెట్లుగా దిగుతుంది.

ఈ రికార్డు పుట్టిన తీరు తెలిశాక నాకు దీని మీద ప్రేమ ఇంకా పెరిగింది. స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో, జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న క్యాసినోలో రికార్డింగ్ చేద్దామని బ్యాండ్ వాళ్లు వెళ్లారు. 1971 డిసెంబర్ 4న అక్కడ ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ఎవరో ఫ్లేర్ గన్ (మంటతో సిగ్నల్ ఇచ్చే తుపాకీ) పేల్చారు, క్యాసినో మొత్తం కాలిపోయింది. తర్వాత పెవిలియన్ అనే థియేటర్‌లో మొదలుపెడితే చుట్టుపక్కల వాళ్లు నిద్ర పట్టడం లేదన్నారు, పోలీసులు వచ్చారు. ఆ రాత్రి అక్కడ రికార్డయిన ట్యూనే తర్వాత 'స్మోక్ ఆన్ ది వాటర్' అయింది. చివరికి చలికాలమని మూసేసిన గ్రాండ్ హోటల్ దొరికింది. కారిడార్‌లో పరుపులు అడ్డుపెట్టుకుని వాయించారు. రికార్డింగ్ యంత్రాలేమో బయట, రోలింగ్ స్టోన్స్ అనే ఇంకో బ్యాండ్ వాళ్ల దగ్గర అద్దెకు తెచ్చిన ట్రక్కులో. వాయించింది వినాలంటే గదులు, బాల్కనీలు దాటుకుని అక్కడిదాకా వెళ్లాలి. అంత దూరం తిరగలేక వినడమే మానేశారట. బాగా వచ్చిందని మనసుకి అనిపిస్తే చాలు, తర్వాతి పాట! ఏడు పాటల్లోనూ ఆ నమ్మకం నాకు వినిపిస్తుంది. చుట్టూ ఉన్న మంచు కొండల చలి 'పిక్చర్స్ ఆఫ్ హోమ్'లో ఉంది. అందులో రోజర్ గ్లోవర్ బేస్ గిటార్ సోలో తప్పకుండా వినండి.

1972 మార్చిలో ఆల్బమ్ వచ్చింది. మొదటి సింగిల్‌గా, అంటే విడిగా అమ్మే పాటగా, వాళ్లు ఎంచుకున్నది 'నెవర్ బిఫోర్'. నా లెక్కలో ఏడింటిలో బలం తక్కువైన పాట అదే. అదే హోటల్లో రికార్డ్ చేసిన 'వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్'ని ఆల్బమ్‌లో పెట్టకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నకి 'స్మోక్ ఆన్ ది వాటర్' వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు. "ఒరేయ్, మొదట్లో ఆ ముక్క మళ్లీ పెట్టు" అన్నారు. మూడోసారికి హార్మోనియం ముందుకు లాక్కున్నారు. స, గ, మ. సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం. రెండో వరసలో మాత్రం వేలు ఒక మెట్టు పైకెళ్లి ప్రతి మధ్యమం తాకి, వెంటనే శుద్ధ మధ్యమానికి దిగింది.

"రెండు మధ్యమాలూ పక్కపక్కనే వేశాడు, చూశావా?" అన్నారు.

బ్లాక్‌మోర్ ఒక్కో స్వరాన్నీ ఒంటరిగా మీటడని, దాని పంచమాన్ని కింద జోడించి రెండు తీగలూ వేళ్లతో కలిపి లాగుతాడని చెప్పాను. నాన్న రెండేసి మెట్లు కలిపి నొక్కారు. తిత్తి గట్టిగా ఊదారు. వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.