చేపలుండవా అయితే?

"మరి అంత మంచు కింద చీకట్లో జీవులుంటే ఏం తిని బతుకుతాయి?" అంది పాప, ఫోన్‌లో కసీని వ్యోమనౌక తీసిన ఎన్సెలాడస్ ఫొటో చూపిస్తుంటే. నేను కాసేపు నసిగా.

శని చుట్టూ తిరిగే బుల్లి చందమామ అది, ఈ చివర్నుంచి ఆ చివరికి ఓ 500 కిలోమీటర్లు, అంతే. దక్షిణ ధ్రువం దగ్గర పగుళ్లలోంచి ఆవిరీ మంచుపొడీ పైకి చిమ్ముతూనే ఉంటాయి. శని ఆకర్షణ దాన్ని పిండుతూ వదులుతూ ఉంటే ఆ రాపిడి వేడికే మంచు కింది సముద్రం గడ్డకట్టకుండా ఉందట. కసీని ఆ చిమ్మేదాంట్లోంచే దూసుకెళ్లి హైడ్రోజన్ కనిపెట్టింది (పాపం 2017లో దాన్ని శనిలోకే తోసేశారు, మన క్రిములు ఎన్సెలాడస్‌కి అంటకూడదని). మన సముద్రాల అడుగున ఎండ తగలని చోట కొన్ని సూక్ష్మజీవులకి ఆ హైడ్రోజనే తిండి.

అదే చెప్పా. "అయితే చేపలుండవా?" అని మొహం వేలాడేసింది.

నాకైతే ఒక్క సూక్ష్మజీవి దొరికినా చాలు. గురుడి చందమామ యూరోపా మంచు కింద కూడా ఇలాంటి సముద్రమే ఉందంటారు. దాన్ని చూడ్డానికి యూరోపా క్లిప్పర్ అనే వ్యోమనౌక 2024 అక్టోబర్‌లో బయల్దేరింది, గురుడి దగ్గరికి చేరేసరికి 2030, అదీ జీవం ఉందో లేదో తేల్చడానికి కాదు, ఉండే వీలుందా అని చూడ్డానికే.

అప్పటికి ఇది హైస్కూల్‌కి వచ్చేస్తుంది.