బ్లాక్ బెల్ట్ వచ్చింది!

ఈరోజు మా కోచ్ నా నడుముకు బ్లాక్ బెల్ట్ కట్టారు. నేలమీద పట్లు పట్టి పోరాడే బ్రెజిలియన్ జియు-జిట్సులో తెలుపు, నీలం, ఊదా, బ్రౌన్ దాటి ఇక్కడికి చేరడానికి చాలామందికి దాదాపు పదేళ్లు పడుతుంది. అన్నిటికంటే కష్టం నీలం బెల్ట్ కాలమే. కొత్త ఉత్సాహం తగ్గిపోతుంది, తర్వాతి బెల్ట్ ఎక్కడో దూరంగా ఉంటుంది. నాకు తెలిసిన ఎంతోమంది అక్కడే మానేశారు. నాకన్నా బరువైన మనిషి ఛాతీ మీద కూర్చున్నా టెన్షన్ పడకుండా ఊపిరి తీసుకుంటూ, మోచెయ్యి దూర్చి, తుంటి జరిపి బయటపడటం ఆ రోజుల్లోనే ఒంటబట్టింది. నేను ట్యాప్ చేసిన (ఇక చాలని చేత్తో తట్టిన) క్షణంలోనే పట్టు వదిలి, ఇన్నేళ్లూ నా మెడనీ మోకాళ్లనీ కాపాడిన నా ట్రైనింగ్ పార్ట్‌నర్లందరికీ చేతులెత్తి దండం. మీరు లేకపోతే ఈ బెల్ట్ లేదు. బ్లాక్ బెల్ట్‌లో తర్వాతి మెట్టైన మొదటి డిగ్రీకి కనీసం 3 ఏళ్లు ఆగాలట, సంతోషంగా ఆగుతాను!