పికప్‌కి కొత్త ఫీడ్ పంపు

ఇవాళ రోజంతా బండితోనే సరిపోయింది. మామిడి కోతలు మొదలైతే మా పాత డీజిల్ పికప్ నూజివీడు నుంచి నున్న మార్కెట్‌కి తిరుగుతూనే ఉండాలి. ఆలోపు దాని సంగతి తేల్చమని నాన్న ఎప్పట్నుంచో పోరుతున్నారు.

దాని జబ్బు ఏంటంటే, పొద్దున్నే స్టార్ట్ కాదు. చేత్తో కొట్టి డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్ కొట్టీ కొట్టీ చెయ్యి లాగేశాక దగ్గుతూ లేస్తుంది. ఖాళీగా బాగానే నడుస్తుంది గానీ, లోడేశాక ఆగిరిపల్లి దారిలో కాస్త మిట్ట వస్తే చాలు, నీరసించిపోతుంది. చూసినవాళ్ళంతా ఇంజన్‌కి ప్రెషర్‌తో డీజిల్ కొట్టే పెద్ద పంపు, ఇంజెక్షన్ పంపే పోయిందన్నారు. దాన్ని దింపి క్యాలిబ్రేషన్‌కి ఇస్తే అయ్యే బిల్లు తలచుకుంటేనే టెన్షన్.

మెకానిక్ బాబాయ్ మాత్రం స్పానర్ ముట్టుకోకుండా ముందు ఒక క్యాను, రెండు లీటర్ల డీజిల్ అడిగాడు. క్యానుని ఎత్తులో కట్టి, గొట్టంతో నేరుగా ఫిల్టర్‌కి కలిపాడు. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది. ఎంత రేజ్ చేసినా ఆగలేదు.

"పెద్ద పంపు బంగారంలా ఉంది నాయనా. దానికి అన్నం పెట్టేదే పడుకుంది" అన్నాడు.

ట్యాంకులోంచి డీజిల్ పీల్చి ఫిల్టర్ మీదుగా ఇంజెక్షన్ పంపుకి అందించేది ఈ ఫీడ్ పంపే. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ దగ్గర ప్రెషర్ వంద బార్లు దాటుతుంది, దీనికి ఒకటి రెండు బార్లు చాలు. ఐడ్లింగ్‌లో ఇంజన్ తాగేది తక్కువ కాబట్టి ఇన్నాళ్ళూ గుట్టు బయటపడలేదు. విప్పి చూస్తే పిస్టన్ మీద గీతలు, వాల్వులు అరిగిపోయి ఉన్నాయి. రిపేర్ కిట్ వేయొచ్చన్నాడు గానీ, సీజన్ ముందు ఆ రిస్కు నాకిష్టం లేదు. తమ్ముడు బైక్ మీద విజయవాడ ఆటోనగర్ వెళ్ళి కొత్తది తెచ్చాడు.

పంపు తెచ్చాడు, రాగి వాషర్లు మర్చిపోయాడు. బాబాయ్ ఏమీ అనలేదు. పాత వాషర్లనే తుడిచి, మా వంటింటి స్టవ్ మీద పట్టకారుతో ఎర్రగా కాల్చి నీళ్ళలో వేశాడు. అలా కాలిస్తే రాగి మళ్ళీ మెత్తబడి, బిగించినప్పుడు అతుక్కుని కూర్చుంటుందట. అమ్మ ముఖం చూడాలి అప్పుడు!

బిగించడం ఎంతసేపు, మూడు నట్లు, రెండు పైపులు. అసలు పని పైపుల్లో చేరిన ఎయిర్ తీయడమే. ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి ప్రైమర్ కొడుతుంటే తెల్లటి నురగ బుసబుసమంటూ వచ్చింది. చాలాసేపటికి బుడగలు ఆగి డీజిల్ ఒకే ధారగా వచ్చింది. ఆ తర్వాత ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేస్తూ సెల్ఫ్ కొట్టించాడు. అక్కడ వేలు పెట్టబోయిన తమ్ముణ్ణి కసిరాడు, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుందని.

సాయంత్రం డల్లాస్ నుంచి బావ ఫోన్ చేస్తే చెప్పాను. వాళ్ళ పాత పెట్రోల్ పికప్‌లో పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుందట. మార్చాలంటే ట్యాంకు దింపాలి, లేదా వెనకాల తొట్టి బోల్టులు విప్పి పైకెత్తాలి. మా బండే నయం.

చీకటి పడేలోపు ఎరువు బస్తాలేసుకుని ఆగిరిపల్లి దాకా వెళ్ళొచ్చాం. మిట్ట మీద థర్డ్ గేర్లోనే లాగింది. ఇక ట్యాంకు అడుగున చేరిన మడ్డి కడిగించాలి. లేకపోతే ఈ పంపు కూడా ఎక్కువ కాలం ఉండదని బాబాయ్ వెళ్తూ వెళ్తూ హెచ్చరించాడు.